షుర్తా ఆట

పిల్ల ఒక్కతే లోపలికి రావాలన్నారు, వెళ్ళింది, తలుపు మూశారు, అంతే, ఇక నాకు కూర్చోవడం చేతకావడం లేదు. కువైట్‌లో మన ఎంబసీ వరండాలో నీలం ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి, ఒకదాంట్లో కూర్చుంటాను, లేస్తాను, మంచినీళ్ళ కూలర్ దాకా వెళ్తాను, దాహం లేదని గుర్తొస్తుంది, తిరిగొస్తాను. మా ఆయన కుక్కుటేశ్వరరావు గారు మాత్రం జిరాక్సు కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు, సులైబియా గోడౌన్లో సరుకు లారీ కోసం కాచుకుని కాచుకుని ఆయనకి కూర్చోవడం ఒక విద్యలాగ అబ్బింది. "కాలు కాలిన పిల్లిలాగ ఏంటే ఆ తిరుగుడు, వచ్చి కూర్చో దుర్గా" అన్నారు. ఇద్దరి తరఫునా మీరు కూర్చున్నారుగా అన్నాను. నాది భయం కాదు, ఆయనకి అర్థం కాదు గానీ, పెళ్ళివారి బస్సు మలుపు తిరుగుతూ హారన్ కొట్టినప్పుడు ఆడపెళ్ళివారికి కాళ్ళూ చేతులూ ఆడవే, అలాంటి సంబరం నాది. ఈ తలుపు తెరుచుకునేసరికి రెడ్డిరాణికి ఈ భూమ్మీద ఒక పేరూ ఒక ఊరూ ఉంటాయి. ఎనిమిదేళ్ళుగా లేనివి, ఈ గంటలో వస్తాయి. నేను కూర్చుంటానా.

పోయినవారం ఆఫీసరు మేడం మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి హిందీలో నిదానంగా చెప్పింది, పక్కనే పద్మశ్రీ గారు మళ్ళీ తెలుగులో చెప్పారు, ఆవిడ ఇక్కడ ఇండియన్ స్కూల్లో టీచరు, కాగితాల్లేనివాళ్ళని జైలు లేకుండా ఊరికి పంపే క్షమాభిక్ష ఇచ్చినన్నాళ్ళూ సాయంగా వచ్చి మాట తిప్పి చెబుతుంటారు. హిందీలో ఒకసారీ తెలుగులో ఒకసారీ విన్నాను కాబట్టి నాకు రెండింతల సంతోషం కలిగింది. కన్నవాళ్ళు వదిలేసిన పిల్ల అని తేలితే చట్టం ఆ పిల్లకి అండగా నిలబడుతుందట. ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, లేదని జరిమానా ఉండదట, దొంగతనంగా ఉన్నావని ఎవరూ అనరట, ఇక్కడి గవర్నమెంటు క్షమాభిక్ష కింద గేటు దాటనిస్తుంది, మన ఎంబసీ పాస్‌పోర్టు బదులు ఔట్‌పాస్ ఇస్తుంది, అక్కడ కాకినాడలో పిల్లల సంగతి చూసే కమిటీ వాళ్ళు రక్షణ రాసిచ్చి, పెంచినవాళ్ళ చేతికే అప్పగిస్తారు. అయితే ఒక్క మెలిక. నువ్వెవరు, మీ అమ్మెవరు, ఎవరు వదిలేశారు, ఎవరి దగ్గరుంటావు, ఇదంతా పిల్ల తన నోటితో, మేము పక్కన లేకుండా చెప్పాలి. ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చి మా బిడ్డంటారేమోనని, వాళ్ళ అనుమానం వాళ్ళది, తప్పు పట్టను. పిల్ల మాట మా మాటతో కలవకపోతే ఫైలు మూసేస్తారు. క్షమాభిక్ష గడువు ఈ నెలాఖరుకి అయిపోతుంది, ఆ తర్వాత పిల్ల ఇక్కడి అనాథల హోముకి, మేము ఎవరి పిల్లని దాచారని అడిగే షుర్తా దగ్గరికి. షుర్తా అంటే ఇక్కడి పోలీసు. అందుకే రాత్రంతా నాకు నిద్ర లేదు, ఈ మెలిక లేకపోయినా సంబరంతో నిద్రపట్టేది కాదులెండి.

ఎనిమిదేళ్ళ పిల్ల, రెండు జడలు వేశాను, ఆకుపచ్చ గౌను, నా పెళ్ళినాటి గొలుసు వేద్దామనుకుని మళ్ళీ ఎత్తుకొచ్చిన పిల్లలా కనిపిస్తుందేమోనని తీసేశాను. రెడ్డిరాణి అని పేరు పెట్టింది దాని తల్లి. మా కోనసీమలో ఇలాంటి పేరు వినలేదు, ఇదేం పేరే రెడ్డీ రాణీ కలిపి పెట్టావు, మీరు రెడ్లా అని మొదటిరోజే అడిగాను. "రెడ్డెమ్మ తల్లికి మొక్కుకోని పెట్టినానక్కా, కడుపులో బిడ్డ నిలబడితే నీ పేరే పెడతానని" అంది కళావతి. రాయచోటి దగ్గర పల్లె. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పనికి వచ్చి, అక్కడి మామా, అంటే ఇంటి యజమానురాలు, కొట్టే దెబ్బలు భరించలేక గోడ దూకి పారిపోయిన పిల్ల. ఇక్కడ మన వాళ్ళు ఆ బతుకుని ఖల్లివల్లి అంటారు, వీసా ఒకరి దగ్గర, మనిషి ఇంకోచోట, పట్టుకుంటే జైలు. ఎవడో లారీ డ్రైవరు పెళ్ళి చేసుకుంటానన్నాడట, వాడు ఏ రోడ్డున పోయాడో ఆ రోడ్డుకే తెలియాలి. ఆసుపత్రికి పోతే మొగుడి కాగితం అడుగుతారు, లేకపోతే అటు నుంచి అటే జైలు, అందుకని ఎవరి గదిలోనో చాప మీద కనేసింది. పుట్టిందన్న కాగితం లేదు. కాగితం లేని పిల్ల ఏడిస్తే మటుకు చక్కగా వినిపించేది, ఫింటాస్‌లో మా బిల్డింగ్ మొత్తానికి వినిపించేది.

మా ఫ్లాట్‌లో నేను పిల్లల్ని చూసేదాన్ని, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సమ్మల పిల్లలు, సూపర్‌మార్కెట్ వాళ్ళ పిల్లలు, పొద్దున దిగబెట్టి సాయంత్రం తీసుకుపోయేవారు. మా సూర్యకిరణ్ కాకినాడ హాస్టల్‌కి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయి మొదలెట్టిన పని అది. కళావతి కూడా అలాగే దిగబెట్టేది, ఇళ్ళల్లో గంటల లెక్కన పనిచేసి చీకటిపడ్డాక వచ్చేది, వచ్చి గుమ్మంలోనే చతికిలపడి పిల్లని ఒళ్ళో వేసుకునేది. మంచిదే. ఈ మాట ఇప్పటికీ అంటాను, తర్వాత దాన్ని తిట్టిన తిట్లకి లెక్కలేదు గానీ, మంచిదే. నాలుగేళ్ళ కిందట కూడా క్షమాభిక్ష ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున్న మామూలుగా దిగబెట్టింది, మామూలుగా చెప్పులు తొడుక్కుంది, లిఫ్టు ఎక్కింది, సాయంత్రం రాలేదు. రాత్రి రాలేదు. మర్నాడు ఫోను మోగుతుంది, ఎత్తదు, ఆ మర్నాడు మోగదు. సంజీవమ్మ అని దాని ఊరివైపు మనిషి ఒకావిడ కబురు తెచ్చింది. "అది ఔట్‌పాస్ తీసుకోని ఎల్లిపాయె అక్కా. బిడ్డను కూడా సూపిస్తే నాయనెవరని అడగరా. ఊర్లో వాళ్ళ మేనమామ కొడుకు కాసుకోనుండాడు పెండ్లికి." తల్లి వెళ్ళిపోయింది, పిల్ల మా వరండాలో బట్టలారేసే స్టాండు కింద దూరి ఆడుకుంటోంది. నేను దాన్ని బయటికి లాగి మొహం కడిగి, అమ్మ ఊరెళ్ళిందమ్మా, వస్తుంది అన్నాను. ఏం చెబుతారు మరి, మీరైతే ఏం చెబుతారు. ఆ ఒక్క మాట అన్నాక దాని మీదే నిలబడాల్సి వచ్చింది, పండక్కి వస్తుంది, వానాకాలం వెళ్ళాక వస్తుంది, కువైట్‌లో వానాకాలం ఎక్కడిదని అడిగే వయసు దానికి లేదు. పోయిన నెలలో ఎంబసీ వాళ్ళు ఉత్తరం రాస్తే అక్కడి అధికారులు పల్లెకి వెళ్ళి అడిగారట, నాకు పిల్లే లేదు అందట. అప్పటికీ నేను పిల్లతో, వస్తుందనే అన్నాను.

లోపల ఏం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క వినబడదు, గోడలు ఇంత మందం కట్టారు, ఎవరికి భయపడి కట్టారో. బయట గేటు దగ్గర రేకుల షెడ్డు కింద జనం, మూటలు, సూట్‌కేసులు, ఒకాయన టీవీ పెట్టె మీదే కూర్చుని నిద్రపోతున్నాడు, నిన్నటి ఇసుకగాలి దుమ్ము ఇంకా అందరి కనుబొమల మీదా ఉంది. వాళ్ళంతా వెళ్ళిపోయేవాళ్ళు, వాళ్ళ మొహాల్లోనూ నా మొహంలో ఉన్న సంబరమే ఉంది, ఏళ్ళ తరబడి దాక్కున్నవాళ్ళు పగటిపూట, ఎండలో, షుర్తా వాళ్ళ ఎదురుగా నిలబడి ఆవలిస్తున్నారు. ఆవలింత కూడా ఎంత భోగమో దాక్కున్నవాళ్ళకే తెలుస్తుంది. మా రెడ్డిరాణికి ఆవలింత వచ్చినా చప్పుడు కాకూడదు, తుమ్ము వచ్చినా దిండులోకే రావాలి, అలా పెంచాను. ఎవరైనా తలుపు కొడితే కొట్టినవాళ్ళు రెండోసారి కొట్టేలోగా అది బట్టల బీరువాలో ఉండేది. ఆ బీరువా దాకా వెళ్ళే టైము లేకపోతే ఏం చెయ్యాలి, దానికి వేరే పాఠం ఉంది. దాన్ని మేము షుర్తా ఆట అనేవాళ్ళం, ఆ ఆట నేనే కనిపెట్టాను, చెప్పుకోకూడదు గానీ చాలా బాగా కనిపెట్టాను.

ఎదురు ఫ్లాట్ సత్యనారాయణమ్మ పిన్నిగారు, రాజోలావిడ, నెత్తిన తువ్వాలు కట్టుకుని చేతిలో అప్పడాల కర్ర పట్టుకుని షుర్తా వేషం వేసేవారు. తలుపు దబదబా కొట్టి లోపలికొచ్చి, ఎవరే నువ్వు, నీ పేరేంటి, కార్డేది అని గద్దించేవారు. పిల్ల చేతులు కట్టుకుని చెప్పాలి. నా పేరు శ్రీలలిత. మా అమ్మ పేరు నాగదుర్గ. మా నాన్న పేరు కుక్కుటేశ్వరరావు, ఆ పేరు పలకడానికి పెద్దవాళ్ళే తంటాలు పడతారు, ఇది అఆలు రాకముందే పిఠాపురం పూజారిలాగ గుక్కతిప్పుకోకుండా అనేది. మా అన్నయ్య సూర్యకిరణ్ కాకినాడలో చదువుతున్నాడు. నా కార్డు నాన్న కంపెనీలో రెన్యువల్‌కి ఇచ్చారు. తడబడకుండా చెబితే ఒక పూతరేకు, ఆత్రేయపురం నుంచి ఎవరైనా తెచ్చినప్పుడు దాచి ఉంచేదాన్ని ఇందుకోసమే. తడబడితే లేదు. అది తడబడేది కాదు. ఒకసారి నిజంగానే వచ్చారు, నిజం షుర్తా, ఇద్దరు, కింద ఫ్లోర్లో ఎవరి కోసమో వెతుకుతూ మా తలుపు కొట్టారు, పిల్లని బీరువాలోకి తోసే టైము లేదు, ఇది నా ముందుకొచ్చి అరబ్బీలోనే సలాం చెప్పి, నాన్న కంపెనీ, కార్డు, రెన్యువల్ అంటూ అంత పాఠమూ అప్పజెప్పింది, కుర్ర షుర్తా బుగ్గ పుణికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మూడు పూతరేకులు పెట్టాను. తింటూ, నిజం షుర్తా కంటే పిన్నిగారే బాగా చేస్తారు ఆంటీ, అంది.

అన్నిటికంటే గట్టి పాఠం వేరే ఉంది, ఆ పాఠం నా తెలివి. పక్క బిల్డింగ్‌లో ఒక పిల్లాడిని షుర్తా గద్దించలేదు, చాక్లెట్ ఇచ్చి, భుజం మీద చెయ్యి వేసి, నిజం చెప్పు బాబూ ఎవరూ ఏమీ అనరు అన్నాడట, వాడు నిజం చెప్పాడు, ఆ రాత్రికే వాళ్ళ అమ్మని జైలు బస్సెక్కించారు. అది విన్నాక నాకు అర్థమైంది, అరిచేవాళ్ళతో ఇబ్బంది లేదు, బుజ్జగించేవాళ్ళతోనే ప్రమాదం. అందుకని ఆటలో రెండో అంకం పెట్టాను. పిన్నిగారు గద్దించి ఓడిపోయాక నేను వెళ్ళేదాన్ని, పిల్లని దగ్గరకి తీసుకుని తల నిమిరి, పోనీలేమ్మా, ఇవాళ ఆట కాదు, నిజం చెప్పు, నిజం చెబితే ఎవరూ ఏమీ అనరు, అనేదాన్ని. అప్పుడు కూడా అది శ్రీలలితనే అనాలి. మొదట్లో రెండు సార్లు పడిపోయింది, రెడ్డిరాణి అనేసింది, పూతరేకు పోయింది, బావురుమని ఏడ్చింది. నేను చెప్పాను, ఆంటీ అడిగినా చెప్పకూడదు, ఆంటీ ఒట్టేసి అడిగినా చెప్పకూడదు, ఇవాళ ఆట కాదు అన్నారంటే అదే ఆట. ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు, నిజం చెప్పమనగానే మూతి కొంచెం పక్కకి తిప్పి, దొరికిపోయారుగా అన్నట్టు ఒక నవ్వు నవ్వేది, ఆ నవ్వు చూసి నాకు ఎంత ముద్దొచ్చేదో, ఆ నవ్వే, అదే నవ్వు, ఇవాళ పొద్దున జడలు వేస్తూ నేను దాని తల నిమిరి, అమ్మా ఇవాళ ఆట కాదు, లోపల మేడం ఏమడిగినా నిజం చెప్పు, నిజం చెబితే ఎవరూ ఏమీ అనరు అన్నప్పుడు అద్దంలో చూశాను ఆ నవ్వు. సరే ఆంటీ అంది. నాలాగే దానికీ సంబరమనుకున్నాను.

ఓరి దేవుడో, నేను చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రెండో అంకం. అవే మాటలు, అదే నిమరడం. లోపలున్నది గద్దించే మనిషి కూడా కాదు, మేడం ఎంత నెమ్మదిగా మాట్లాడుతుందో నాకు తెలుసు, బల్ల మీద గాజు గిన్నెలో చాక్లెట్లు కూడా ఉన్నాయి, పోయినవారం నాకే ఒకటిచ్చింది. చాక్లెట్, బుజ్జగింపు, నిజం చెప్పు. నేను నేర్పిన ప్రమాదమంతా ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తలుపు దగ్గరికి వెళ్ళాను, గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు, బీహారతను, బైఠియే అమ్మాజీ అన్నాడు. ఒక్క మాట చెప్పాలి భయ్యా, పిల్లకి ఒక్క మాట అన్నాను. "అదే కదా కూడదని చెప్పింది" అన్నాడు హిందీలో, అతని మాట న్యాయమే, ఒక్క మాట చెప్పి వచ్చే ఆడవాళ్ళని ఆపడానికే అతన్ని పెట్టారు. మా ఆయన దగ్గరికి పరిగెత్తాను, చెప్పాను, సగం చెప్పేసరికే ఆయనకి అర్థమైంది, మనిషి పైకి మొద్దులా కనబడతారు గానీ మొద్దు కాదు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నారు. ఇంకేమైనా అంటారేమోనని చూశాను. "బాగా నేర్పేవే, మరి అంత బాగా నేర్పక్కర్లేదు" అన్నారు, అని జిరాక్సుల సంచీ పక్క కుర్చీలో పెట్టి ఆయన కూడా లేచి నిలబడ్డారు. ఇరవై ఏళ్ళలో లారీ రాకుండా ఆయన లేచి నిలబడటం నేను చూడలేదు.

ఏం చేస్తుంటుంది లోపల. చేతులు కట్టుకుని ఉంటుంది. నా పేరు శ్రీలలిత అంటుంటుంది. ఆగు నాగదుర్గా, అదంత వెర్రిది కాదు, ఎంబసీ బోర్డు కూడబలుక్కుని చదివిన పిల్ల, బడి మొహం చూడలేదు గానీ నర్సమ్మల పిల్లల పుస్తకాలన్నీ అదే ముందు చదివేసేది, వాళ్ళ హోంవర్కులు చేసిపెట్టి బిస్కట్లు వసూలు చేసేది. దానికి అర్థమవుతుంది. అర్థమైతే బయటికొస్తాం, ఔట్‌పాస్ చేతిలో పెట్టుకుని, ముందు దానికి చెప్పులు కొనాలి, బయట తిరిగే చెప్పులు దానికెప్పుడూ లేవు, ఇవాళ వేసుకున్నవి నర్సమ్మ కూతురివి. విమానం ఎక్కుతుంది, కిటికీ పక్కన దాన్ని కూర్చోబెడతాను, ఈయన గొడవ పెట్టినా సరే. మా ఊరు అంబాజీపేటలో దిగగానే మా తోటికోడలు మొహం మాడ్చుకుంటుంది, మాడ్చుకోనీ, మాడ్చుకున్న మొహాలు నాకు కొత్తేంకాదు. బళ్ళో వేస్తాను, పేరు పిలిస్తే గట్టిగా పలకమంటాను, పలుకు, వీధి చివరిదాకా వినబడేట్టు పలుకు, తలుపులు తీసుకుని తిరుగు, ఎవరైనా తలుపు కొడితే బీరువా వైపు కాదు తలుపు వైపు పరిగెత్తు. నవ్వొస్తోంది నాకు, వరండాలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుతున్నాను, పక్కన ఉన్నావిడ సర్దుకుని కూర్చుంది. గుండె మాత్రం తిరగలి పెట్టినట్టు తిరుగుతోంది, సంబరమూ భయమూ ఒకే పిండి అయిపోయాయి. ఆ పిల్ల ఈ ఊళ్ళో ఉండిపోతే, హోములో, రాత్రి తుమ్ము దిండులోకి తుమ్ముకుంటూ, ఆంటీ వస్తుంది అనుకుంటూ. వద్దు. అది ఆలోచించను.

తలుపు తెరుచుకుంది. పద్మశ్రీ గారు ఒక్కరే వచ్చారు, మొహం చూడగానే తెలిసింది. "దుర్గ గారూ, పిల్ల తన పేరు శ్రీలలిత అంటోందండి. మీరే కన్నతల్లి అంటోంది. కార్డు కంపెనీలో ఉందంటోంది. మేడం ఎన్ని రకాలుగా అడిగినా అదే చెబుతోంది, మీరు చెప్పిన దానికీ దీనికీ పొంతన లేదు కదండీ" అన్నారు. తడబడిందా అన్నాను. ఆవిడ నా మొహం వంక అదోలా చూసి, లేదండి అన్నారు. చెప్పాను, పూతరేకులతో సహా అంతా చెప్పాను, గసపెట్టుకుంటూ చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి మేడంతో మాట్లాడి మళ్ళీ వచ్చారు. "మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారు. మేడం ఒప్పుకోరనుకున్నాను, ఒప్పుకున్నారు. అయితే పిల్లకి మీరేమీ చెప్పకూడదు, అందించకూడదు. మిమ్మల్ని అడిగినదానికి మీరు చెప్పండి, అంతే" అన్నారు.

పిల్ల కుర్చీలో కూర్చోలేదు, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూడగానే మూతి పక్కకి తిప్పి నవ్వింది, పాఠం ఎలా అప్పజెప్పానో చూడు అన్నట్టు. చాక్లెట్ ఇచ్చినట్టున్నారు, బల్ల అంచున విప్పకుండా అలాగే ఉంది. ఎంత గర్వపడాలో అంత గర్వపడ్డాను, ఎంత ఏడవాలో అంత ఏడుపొచ్చింది, రెండిటికీ టైము లేదు. నీతో మాట్లాడకూడదన్నారు కాబట్టి నేను మాట్లాడను తల్లీ, మాట్లాడినా ఏమంటాను, ఆట కాదంటే అదే ఆట, ఒట్టేస్తే అదే ఆట, నా నోట్లోంచి ఏ మాటొచ్చినా నువ్వు గెలుస్తావు. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని నన్ను హిందీలో అడిగింది, ఈ పిల్ల తల్లి పేరేమిటి. కళావతి అన్నాను. పిల్ల నవ్వు చెదరలేదు, ఈ మెట్టు దానికి తెలుసు, పిన్నిగారితో కలిసి ఇలా కూడా ఆడాం. ఆమె ఎక్కడుంది. రాయచోటి దగ్గర పల్లెలో అన్నాను. నవ్వు అలాగే ఉంది. మళ్ళీ వస్తుందా, అంది మేడం.

పద్మశ్రీ గారు తెలుగులో తిప్పి చెప్పారు, పిల్లకి కూడా తెలియాలని కాబోలు, వాళ్ళ అమ్మ మళ్ళీ వస్తుందా అని. నాలుగేళ్ళలో ఈ ప్రశ్నకి నేను ఒకే జవాబు చెప్పాను, ఆటలో చెప్పాను, బయట చెప్పాను, జ్వరంలో తడిగుడ్డ వేస్తూ చెప్పాను, ఎంబసీ ఉత్తరం వచ్చిన రోజు కూడా చెప్పాను. వస్తుంది. నాలుక మీద అరిగిపోయిన మాట, అదే ముందుకొచ్చింది, పళ్ళ వెనక పట్టి ఆపాను. ఇన్ని అబద్ధాలు నేర్పాను గానీ ఈ నిజం మాత్రం పిల్ల ముందు ఎన్నడూ అనలేదు. రాదు, అన్నాను తెలుగులో, హిందీ మర్చిపోయాను. ఇక రాదు మేడం. నాకు మొదటినుంచీ తెలుసు, వస్తుందని నేనే చెబుతూ వచ్చాను.

పిల్ల నవ్వు ఆగింది. కట్టుకున్న చేతులు కిందికి దిగాయి. నా వైపు చూస్తోంది, ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు, భయపడింది, ఇంత భయం దాని కళ్ళల్లో నిజం షుర్తా వచ్చినరోజు కూడా లేదు. తర్వాత మేడం వైపు తిరిగి, అప్పజెప్పే గొంతుతో కాదు, నేనెప్పుడూ వినని గొంతుతో, "నా పేరు రెడ్డిరాణండి. మా అమ్మ కళావతి. రాదని నాకు కూడా తెలుసు. ఎల్లేటప్పుడు అమ్మే చెప్పింది" అంది. ఏం చెప్పిందమ్మా అన్నారు పద్మశ్రీ గారు. అప్పుడు దాని నోట్లోంచి రాయచోటి వచ్చింది. నాలుగేళ్ళుగా నా ఇంట్లో నా యాసే మాట్లాడిన పిల్ల, ఎక్కడ దాచుకుందో, తల్లి గొంతు తల్లి గొంతులాగే తీసింది. "నేనింగ రానుమ్మా. నేను రానని ఆంటీకి తెలిస్తే నిన్ను యాడన్నా ఇడిసిపెడ్తాది. ఆమె యెప్పుడడిగినా మా యమ్మ వస్తాదని చెప్పు. ఏడ్సద్దు. అనింది" అని ఆగింది.

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. శుక్రవారం శుక్రవారం అదే వచ్చి, మా అమ్మ వస్తుంది ఆంటీ, అనేది. గ్లాసు పగలగొట్టినప్పుడు అనేది, పాలు ఒలకబోసి నేను కేకలేసినప్పుడు గుక్కపట్టి అనేది, మా అమ్మ వస్తుంది ఆంటీ, మా అమ్మ వస్తుంది. పాపం తల్లి కోసం బెంగ అనుకునేదాన్ని, వస్తుందమ్మా వస్తుంది అని వీపు రాసేదాన్ని. బెంగ కాదు. అద్దె కట్టినట్టు కట్టుకుంటూ వచ్చింది ఆ మాట, నాలుగేళ్ళూ, నా ఇంట్లో ఉండటానికి. నేను దాని కోసం అబద్ధమాడుతున్నాననుకున్నాను, అది నా దగ్గర ఆడుతోంది, ఇద్దరిలో అదే బాగా ఆడింది. పద్మశ్రీ గారు పిల్ల మాటలు మేడంకి హిందీలో చెప్పారు. మేడం అంతా రాసుకుంది. తర్వాత పిల్లనే చూస్తూ, నీకు ఎవరి దగ్గర ఉండాలని ఉంది, అంది, అదే ఆఖరి ప్రశ్న, దాని మీదే అంతా ఉందని మాకు పోయినవారమే చెప్పారు.

పిల్ల నన్ను చూసింది. "ఆంటీని అడగండి. ఇప్పుడు అమ్మ రాదని ఆంటీయే అనేసింది కదా" అంది.

అందించకూడదన్నారు, మాట్లాడకూడదన్నారు, గార్డు కూడా తలుపులోంచి చూస్తున్నాడు, అవన్నీ నాకు గుర్తున్నాయి. ఉంచుకుంటాను అని తెలుగులో చెప్పాను, హిందీలో చెప్పాను, అక్కడితో ఆగక వచ్చీరాని అరబ్బీలో కూడా చెప్పాను, మేడం ఏ భాషలో రాసుకుంటుందో ఆ భాషలో రాసుకోమని.